బాపు గుండె అరవై శాతం

మా బాపు గుండెకు తీసిన స్కాన్ రిపోర్టును మా ఇంట్లో మొదట చదివింది నేను. ఇంగ్లిష్ అక్షరాలు కూడబలుక్కోగలిగేది నేనొక్కదాన్నే కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. నేను చదివింది గుజరాతీ మీడియం, ఆపైన కాలేజీలో కామర్స్, అందులోనూ చివరి ఏడాది చదువంతా ఫోన్లోనే. గుండెకు గదులుంటాయని తెలుసు, అంతకు మించి ఏమీ తెలియదు. అయినా బాపు మంచం మీద కూర్చుని, చేతులు రెండూ మోకాళ్ల మీద పెట్టుకుని "చదువు బిడ్డా" అంటే, నాకు రాదని చెప్పడానికి నోరు రాలేదు. ఫీజులు కట్టింది ఆయనే కదా.

కరోనా రెండోసారి సూరత్‌ను కుదిపేసి వెళ్లిన ఎండాకాలమది. ఇంట్లో ముగ్గురికీ జ్వరం వచ్చింది, ముగ్గురికీ తగ్గింది. అమ్మా నేనూ మామూలు మనుషులమయ్యాం గానీ బాపుకు మెట్లెక్కితే ఆయాసం మిగిలిపోయింది. సూరత్ శివారు భేస్తాన్‌లో మాది మూడో అంతస్తు. రెండో అంతస్తు దగ్గరకు రాగానే బాపు ఆగి, జేబులోంచి ఫోన్ తీసి, ఏదో ముఖ్యమైన సమాచారం వచ్చినట్టు దాన్ని చూస్తూ ఊపిరి తీసుకునేవాడు. ఒక్కోసారి ఆ ఫోన్ చార్జింగ్ అయిపోయి చచ్చిపడి ఉండేది. అది మాకు తెలుసు. మాకు తెలుసని ఆయనకు తెలియదు.

మా వీధి డాక్టరు అప్పట్లో ప్లాస్టిక్ తెర వెనక కూర్చుని, మనిషిని ముట్టుకోకుండానే వైద్యం చేసేవాడు. నాడి పట్టడం, బీపీ చూడడం అన్నీ మానేశాడు. బాపును కంటితోనే పరీక్షించి, గుండె స్కాన్ తీయించుకుని పెద్ద డాక్టరుకు చూపించుకోమని రాసిచ్చాడు. స్కాన్ మర్నాడే అయిపోయింది. పెద్ద డాక్టరు దొరకడానికి మాత్రం వచ్చే వారం దాకా ఆగాలన్నారు. ఆ మధ్యలో రిపోర్టు మా చేతిలో ఉంది, అర్థం చెప్పేవాళ్లు లేరు. అంతకంటే ప్రమాదకరమైన స్థితి మా ఇంటికి ఇంకొకటి ఉండదు.

రిపోర్టులో సగం, లేనివాటి గురించే రాశారు. గడ్డ లేదు, చుట్టూ నీరు లేదు, రంధ్రం లేదు. నేను ఒక్కొక్కటీ తెలుగు చేసి చెబుతుంటే అమ్మ ముఖం పాలిపోతూ వచ్చింది. లేనివాటిని ఎందుకు రాశారన్నది ఆమె అనుమానం.

"మనింట్ల ఏనుగు లేదని మనం యాడన్న రాసి పెట్టుకున్నమా?" అంది.

నేను ఇంకో పేజీ తిప్పాను. గుండె ఎడమ గది గోడ కొంచెం మందంగా ఉందని రాసి ఉంది. ఆ మాట వినగానే బాపు వెన్ను నిటారుగా చేసుకున్నాడు. మా కులవృత్తి నేత. బట్ట పలచగా ఉంటే తిట్టుకుంటాం, మందంగా ఉంటే చేత్తో నిమిరి మెచ్చుకుంటాం. గోడ మందమంటే గట్టి మాల్, మంచి సరుకన్నమాట, చిన్నప్పుడు తిన్న జొన్నరొట్టె ఎక్కడికి పోతుందని బాపు తీర్మానించాడు. అమ్మకు కూడా కొంచెం రంగు తిరిగింది. ఆ ధైర్యంతోనే నేను కింది లైను కూడా చదివేశాను. గుండె రక్తాన్ని బయటికి పంపే శక్తి అరవై శాతం.

"ఎంతా?" అన్నాడు బాపు.

"అరవై."

బాపు మెల్లగా గోడకు ఆనుకున్నాడు.

ఆ అరవై ఆయనకు ఎక్కడ తగిలిందో చెప్పాలంటే ఆయన పని గురించి చెప్పాలి. బాపు పాండేసరలో ఒక షెడ్డులో మేస్త్రీ. మేము సాంచాలనే మరమగ్గాలు అక్కడ వరసగా నడుస్తుంటాయి. వాటిలో ఏది మొరాయించినా బాపు పానా పట్టుకుని వెళ్లి బాగుచేయాలి. కొన్నేళ్ల కింద సేఠ్ ప్రతి సాంచాకూ ఒక చిన్న డబ్బా బిగించాడు. షిఫ్టులో సాంచా ఎంతసేపు నడిచింది, ఎంతసేపు ఆగింది లెక్కగట్టి ఆ డబ్బా శాతంలో చూపిస్తుంది. తొంభై వస్తే బాపుకు ఆ రోజు పండగ. ఎనభైకి పడిపోతే అన్నం సయించేది కాదు. ఒకసారి ఒక సాంచా ఎన్ని మరమ్మతులు చేసినా అరవై దాటలేదు. బాపు దగ్గరుండి దాన్ని విప్పించి తుక్కు బండికి ఎత్తించాడు. ఇప్పుడు అదే అంకె తన ఛాతీలో తేలింది. నూటికి నలభై సార్లు తన గుండె ఆగిపోతోందని, ఎవరో మళ్లీ మళ్లీ స్టార్ట్ చేస్తున్నారని ఆయనకు అర్థమైంది. మాకూ అలాగే అర్థమైంది.

పైగా అవి అంకెల రోజులు. వేలికి పెట్టే డబ్బాలో తొంభై నాలుగుకు తగ్గితే ఆసుపత్రి, ఊపిరితిత్తుల స్కోరు ఎక్కువైతే ఆక్సిజన్. కూరగాయల బండి దగ్గర కూడా జనం ఒకరి అంకెలు ఒకరు అడిగి తెలుసుకునేవాళ్లు. ఊరు విడిచి బాపుతో ఒకే రైల్లో సూరత్ వచ్చి, ఒకే గదిలో వండుకు తిని, పక్క వరసలోనే సాంచాలు నడిపిన దోస్తు ఒకాయన ఉండేవాడు. ఆయన తన కాళ్ల మీద తానే నడిచి ఆసుపత్రిలోకి వెళ్లాడు. రోజూ మంచం మీంచి బాపుకు ఫోన్ చేసి తన అంకెలు చెప్పేవాడు. అవి తగ్గుతూ వచ్చాయి. ఒకరోజు ఫోన్ రాలేదు. చివరి చూపు కూడా ఎవరికీ దక్కలేదు. బాపు దాని గురించి ఇంట్లో ఒక్క మాట మాట్లాడలేదు. టీవీలో అంకెలు వస్తే మాత్రం లేచి కట్టేసేవాడు.

అందుకే సాయంత్రం అమ్మ పెద్ద డాక్టరు మాట ఎత్తగానే ఒక్క ముక్కలో తేల్చేశాడు.

"నేను పోను. అంకె చేతవట్టుకొని లోపలికి పోయినోడు మళ్ల బయటికి రాలే."

ఆయన ఆయాసం రోజురోజుకూ పెరుగుతోంది. మెట్ల మీద ఫోన్ చూసే సమయం కూడా పెరుగుతోంది. ఆయన్ని ఎలాగైనా ఆ డాక్టరు ముందు కూర్చోబెట్టాలి. ఆ వారం అమ్మకూ నాకూ వేరే ఆలోచన లేదు. భయంతో నాకు నిద్ర పట్టేది కాదు. ఆ భయం పైకి కోపంగా వచ్చేది, అది నాకు బాపు నుంచి వచ్చిన ఆస్తి.

సరిగ్గా అప్పుడే మా బిల్డింగు గ్రౌండ్ ఫ్లోరులో ఉండే మామ రంగంలోకి దిగాడు. ఆయన బాపు షెడ్డులోనే బీములు ఎక్కించే పని చేస్తాడు. బీమంటే పడుగు దారాలు చుట్టిన పెద్ద రోలు. కరోనాలో మా బిల్డింగు మొత్తానికి ఆక్సిజన్ చూసే డబ్బా ఉన్నది ఆయన దగ్గరే. దాంతో ఆయన హోదా అమాంతం పెరిగిపోయింది. డబ్బా చొక్కా జేబులో పెట్టుకుని, మూతి మీది మాస్కు గడ్డానికి దించుకుని, ఎవరు పిలిచినా పిలవకపోయినా వచ్చి వేలు పట్టుకునేవాడు. బాపు వేలికీ పెట్టాడు. తొంభై ఏడు చూపించింది. మామ చాలాసేపు ఆలోచించాడు. ఒకే మనిషిలో తొంభై ఏడూ అరవయ్యీ ఎలా ఇముడుతాయన్నది ఆయనకు పట్టిన చిక్కు.

"గాలి మంచిగనే ఆడుతుంది బావా," అన్నాడు చివరికి. "సాంచనే దెబ్బతిన్నది."

ఆ క్షణం నుంచి వైద్యం మొదలైంది. సాంచా శాతం పెంచడానికి ఏమేం చేస్తారో అవన్నీ బాపుకు చేశారు. బాపూ మామా ఇద్దరూ చేయి తిరిగినవాళ్లు, మొత్తం పద్ధతి ప్రకారమే సాగింది.

సాంచా ఎందుకు ఆగుతుంది? పోగులు తెగితే ఆగుతుంది. పోగులు ఎందుకు తెగుతాయి? గాలి పొడిగా ఉంటే తెగుతాయి. అందుకని షెడ్డులో నేల మీద నీళ్లు చల్లుతారు. మా ఇంట్లోనూ చల్లారు. కిటికీకి తడి గోనెసంచులు వేలాడదీశారు. బాపు మంచం చుట్టూ నీళ్లు, మధ్యలో ఆయన. అమ్మ రెండుసార్లు జారింది. నా కాలివేళ్ల మధ్య ఒరుసుకుపోయింది. గుండెలో పోగులుండవు కదా అని నేనంటే, నరాలున్నయ్ కదా అని మామ నా నోరు మూయించాడు.

తర్వాతది స్పీడు తగ్గించడం. ముసలి సాంచాను మెల్లగా నడిపితే నాలుగు రోజులు ఎక్కువ వస్తుంది. బాపు మెల్లగా నడిచాడు, మెల్లగా మాట్లాడాడు. చాయ్ తాగడం మొదలుపెడితే పైన మీగడ కట్టేది. అన్నిటికంటే వింత ఏమిటంటే, ఆయన అరవడం మానేశాడు. మా బాపు గొంతుకు పాండేసరలో పేరుంది. అన్ని సాంచాల మోతలోనూ ఈ చివర నుంచి ఆ చివరకు వినపడాలి కాబట్టి ఆ గొంతు అలా తయారైంది. ఇంటికొచ్చాక కూడా దాన్ని తగ్గించే మీట దొరికేది కాదు. చెంబు ఎక్కడుందని అడిగినా పక్క బిల్డింగువాళ్లు కూడా వాళ్ల చెంబు వెతుక్కునేవాళ్లు. అటువంటి మనిషి ఇప్పుడు పెదాలు కదిలిస్తుంటే మేం దగ్గరకెళ్లి వినాల్సి వచ్చింది.

మొదటి రోజు అమ్మకు ప్రాణం సుఖంగానే ఉంది. ఆ మాట నాతో చెప్పుకుంది కూడా. రెండో రోజు కంగారు పడింది. ఆ తర్వాత ఒక మధ్యాహ్నం పరధ్యానంలో కూరలో కారం రెండుసార్లు వేసేసింది. నాకు నాలుక మండిపోయింది. బాపు తల వంచుకుని తింటున్నాడు. అమ్మ భయం భయంగా ఎట్లుందని అడిగింది. మంచిగనే ఉన్నదన్నాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె వంటకు అలాంటి సర్టిఫికెట్ దొరకడం అదే మొదటిసారి. అమ్మ వంటింట్లోకి వచ్చి గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఈ మనిషి ఉండడు బిడ్డా," అంది.

మూడో వైద్యం తిండి. అది మామ సొంత శాఖ. నీరసమంటే ఒంట్లో ఉప్పు తగ్గడమని ఆయన నమ్మకం. పొద్దునా సాయంత్రం ఉప్పు దట్టించిన నిమ్మకాయ నీళ్లు, మధ్యాహ్నం మేక కాళ్ల శోర్వ. అది మామిడికాయల కాలం, అమ్మ అప్పుడే కొత్త తొక్కు పెట్టింది. ఆ పచ్చడి జాడీ బాపు మంచం పక్కనే చేరింది. నాలుగు ముద్దలకొకసారి మామ స్వయంగా వడ్డించేవాడు. ఇంత చేస్తే బాపు తల వెనక బరువుగా ఉందన్నాడు. ముఖం ఎర్రబడింది, చెవుల్లో హోరు. మామ కళ్లు మెరిశాయి. శాతం ఎక్కుతోంది, డెబ్బైకి వచ్చి ఉంటుందని లెక్కగట్టాడు. మేం నమ్మాం. సిగ్గులేకుండా సంతోషపడ్డాం కూడా. అమ్మ మెట్ల దగ్గర కనిపించినవాళ్లందరికీ మా ఆయన గుండె గోడ మందమట అని చెప్పుకుంది.

డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిన రోజుకు ముందటి సాయంత్రం, బాపు తన పానాను గుడ్డతో తుడిచి మామ చేతిలో పెట్టాడు. ఆ పానాను ఇంట్లో ఎవరం ముట్టుకోకూడదు. నేను చిన్నప్పుడు ముట్టుకుని చెంపదెబ్బ తిన్నాను. దాన్ని అలా ఎవరికో ఇచ్చేస్తుంటే మామ తీసుకోలేక, వద్దనలేక, కళ్లల్లో నీళ్లు పెట్టుకుని నిలబడ్డాడు. ఆ దృశ్యం చూసి నాకు తిక్క రేగింది. నా బాపు పోతాడేమోనన్న భయమూ, ఆ తడి నేలా, గోనెసంచుల వాసనా అన్నీ కలిసి ఒక్కసారి నెత్తికెక్కాయి.

మా పనిలో ఒక అలవాటుంది. మేం నేసిన తాకాలు, అంటే నూరు మీటర్ల బట్ట చుట్టలు, మార్కెట్టుకు వెళ్తాయి. అక్కడ చెకింగ్ బల్ల మీద పరిచి, లోపం కనిపించిన చోట చాక్‌పీసుతో గీత గీసి డ్యామేజని తిప్పి పంపిస్తారు. మామూలు మేస్త్రీలు నోరు మూసుకుని ఒప్పుకుంటారు. బాపు ఒప్పుకోడు. తాకాను భుజాన వేసుకుని, తెల్ల చొక్కా తొడుక్కుని, షెడ్డు నుంచి ఒక సాక్షిని వెంటబెట్టుకుని మార్కెట్టుకు వెళ్లి, రాసిన కాగితం పక్కన పడేసి, మాల్ విప్పి చూపించమంటాడు. బట్టను వెలుతురులో పెట్టి ఇద్దరూ కలిసి చూడాల్సిందే. అలా చూపించకుండా రాసిన డ్యామేజ్ బాపు దృష్టిలో డ్యామేజే కాదు.

"నీ తాక మీద ఎవడన్న గీత గీస్తే మాల్ చూడకుంట ఒప్పుకున్నవా ఎన్నడన్న?" అన్నాను. "గిప్పుడు నీ గుండె మీద ఎవడో అరవై అని రాసిండు. ముఖం గూడ కనవడకుంట కవరు తొడుక్కున్న స్కానోడు రాసిండు. పోయి మాల్ సూపియ్యమని అడగవా?"

బాపు నా వైపు చూశాడు. ఆ వారంలో మొదటిసారి ఆయన కళ్లల్లో పాత పోట్లాట కనిపించింది. తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి ఉందా అని అమ్మను అడిగాడు.

మర్నాడు తెల్ల చొక్కాలో బాపు, సాక్షిగా మామ, రిపోర్టుతో నేను, టిఫిను డబ్బాతో అమ్మ ఆటోలో ఇరుక్కుని బయల్దేరాం. రోగి వెంట ఒక్కరే రావాలని ఆసుపత్రి గేటు దగ్గర ఆపేశారు. సాక్షి లేకుండా పంచాయితీ ఎలా జరుగుతుందని మామ గార్డుతో వాదనకు దిగాడు. ఆ గొడవలో అమ్మ, తనకు గుజరాతీ అర్థం కానట్టు ముఖం పెట్టి, నా వెనకే లోపలికి నడిచేసింది. ఇరవై ఏళ్లుగా గుజరాతీలో కూరగాయలు బేరమాడే మనిషి.

పెద్ద డాక్టరు ఒకావిడ. మాస్కు మీద మాస్కు, దాని మీద ప్లాస్టిక్ ముసుగు. బాపు కూర్చోకుండానే, మీ చెకింగ్ తప్పు, మాల్ చూపించండి అని హిందీలో అన్నాడు. ఆమె ఏదో మిషన్ రిపేరుకు వచ్చిన మనిషనుకుని, ఏసీ పక్క గదిలో ఉందని చెప్పింది. నేను అడ్డుపడి మొదటి నుంచీ చెప్పాను. సాంచాలు, డబ్బా, అరవై, తుక్కు బండి, తడి నేల. ఆమె నవ్వింది. నవ్వి నవ్వి ఆ ప్లాస్టిక్ ముసుగంతా ఆవిరి పట్టి కాసేపు మాకు ఆమె కనపడలేదు.

ముసుగు తుడుచుకుని బాపు జబ్బకు బీపీ పట్టీ చుట్టింది. అంకె చూసి నవ్వు ఆపేసింది. రెండో చేతికి చుట్టింది. మళ్లీ మొదటి చేతికి చుట్టింది. ఇంతకు ముందు బీపీ ఎప్పుడు చూపించుకున్నారని అడిగింది. ఎప్పుడూ లేదు. ఆ ఏడాదిన్నరలో బాపు వేలిని బిల్డింగంతా పట్టుకుంది, నుదుటి మీద ప్రతి గేటు దగ్గరా జ్వరం మిషన్ పెట్టారు, ముక్కులో పుల్ల పెట్టారు. జబ్బకు పట్టీ చుట్టినవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ మధ్య ఏం తింటున్నారని అడిగింది. అమ్మ ఆ ప్రశ్న కోసమే కాచుకున్నట్టు ముందుకొచ్చి ఒక్కొక్కటీ గర్వంగా చెప్పింది. ఉప్పు నీళ్లు అన్నప్పుడు డాక్టరు కళ్లు మూసుకుంది. తొక్కు అంటే ఏమిటో నేను హిందీలో చెప్పాక, నుదురు చేత్తో పట్టుకుంది. ఇంకో వారం ఇలాగే సాగించి ఉంటే మెదడులో నరం చిట్లేదని నెమ్మదిగా చెప్పింది. అమ్మ టిఫిను డబ్బాను కొంగు కిందికి దాచింది. అందులో కూడా తొక్కు ఉంది.

తర్వాత ఆమె బాపును బల్ల మీద పడుకోబెట్టి, ఛాతీకి జిగురు రాసి, మిషన్ తెరను ఆయన వైపు తిప్పింది. మాల్ చూడమన్నారుగా, చూడండి అంది. గుండె ఒక్కో దెబ్బకు తనలోని రక్తంలో అరవై పాళ్లు బయటికి పంపుతుంది, మిగతాది లోపలే ఉంచుకుంటుంది, ఆరోగ్యంగా ఉన్న ఎవరి గుండె అయినా అంతే, నాదీ అంతే అని చెప్పింది. మొత్తం ఖాళీ చేసే గుండె లేదంది. బాపుకు ఆ మాట అంతగా నచ్చలేదు. నలభై పాళ్లు వెనకేసుకునే పనివాడిని ఆయన షెడ్డులో ఉంచుకోడు. డాక్టరుదీ అంతేనన్నాక మాత్రం మర్యాదకు ఊరుకున్నాడు.

డ్యామేజ్ ఎక్కడుందో కూడా ఆమె చూపించింది. మందమైన ఆ గోడే. ఏళ్ల తరబడి పెరిగిన ఒత్తిడికి ఎదురు తోసి తోసి గుండె కండ అలా దళసరిగా, బిరుసుగా మారిందట. ఆయాసం దానివల్లే. మేం ఏడ్చిన అంకె నిక్షేపంగా ఉంది, మేం బిల్డింగంతా చాటింపు వేసుకున్నది అసలు జబ్బు. మాత్రలు వేసుకోవాలి, ఉప్పు మానాలి, అరవకూడదు, అప్పుడు గోడ మెల్లగా సర్దుకుంటుందని చెప్పింది. బాపుకు ఇది మాత్రం వెంటనే ఎక్కింది. సాంచా వెనక బీముకు పడుగు బిగుతు కోసం బరువులు వేలాడదీస్తారు. అవి ఎక్కువైతే సాంచా నడుస్తుంది గానీ ఒళ్లంతా బిగదీసుకుని నడుస్తుంది.

"బరువు ఎక్కువ గట్టిన్రు," అన్నాడు తెలుగులో, తనలో తాను.

డాక్టరు మాట్లాడటం ఆపాక కూడా ఆయన తెర మీంచి కళ్లు తిప్పలేదు. బూడిదరంగు మసకలో ఆ గుప్పెడంత ముద్ద ముడుచుకుంటోంది, విచ్చుకుంటోంది. ఆయన ఎదురుచూస్తున్నాడని నాకు కాసేపటికి అర్థమైంది. అది ఆగడం కోసం చూస్తున్నాడు. సాంచా ముందు చేతులు కట్టుకుని నిలబడి, ఎక్కడ ఆగుతుందోనని చూసే చూపు అది. మొదటి లాక్‌డౌన్‌లో సూరత్‌లో సాంచాలన్నీ ఆగిపోయినప్పుడు, ఆ నిశ్శబ్దానికి మా ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టలేదు. అప్పుడు కూడా ఇది ఇలా ఆడుతూనే ఉందన్నమాట.

"ఆగుతనే లేదు," అన్నాడు బాపు. "ఓసి, నువ్వు గూడ జర ఇటు రా. సూడు."

అమ్మ భయపడుతూ వచ్చి తెర దగ్గర వంగింది. చాలాసేపు చూసింది.

"గింతనేనా?" అంది. "గింతంత ఉండుకుంటనా నా మీద గంత ఒర్రుడు?"

తిరిగి ఆటో ఎక్కాం. గేటు దగ్గర ఎండలో నిలబడి అలిగిన మామ ముఖం బయటికి తిప్పుకుని కూర్చున్నాడు. పంచాయితీ ఎంతకు తేలిందని మా బిల్డింగు మెట్ల దగ్గర మాత్రం ఉండబట్టలేక అడిగాడు. అరవై మంచిదే, మందమే డ్యామేజని బాపు చెప్పాడు. మామ కాసేపు ఆ ముక్క నమిలి మింగి, జేబులోంచి పానా తీసి బాపు చేతిలో పెట్టి, తన ఇంట్లోకి వెళ్లి మెల్లగా తలుపేసుకున్నాడు.

రెండో అంతస్తు దగ్గర బాపు ఆగాడు. చేయి జేబు దాకా వెళ్లింది. ఫోన్ తీయలేదు. కటకటాల రెయిలింగు పట్టుకుని, మా ముందే, ఎగపోస్తూ నిలబడ్డాడు. మేమూ ఆగాం.

"వానికి," అన్నాడు దమ్ము తీసుకుంటూ, ఆ దోస్తు పేరెత్తకుండా. "వానికి ఎవలన్న గిట్ల తెర తిప్పి సూపిచ్చిన్రో లేదో. ఊకె అంకెలే చెప్పేటోడు పాపం."

అక్కడే, మెట్ల మీదే, ఆయన ఏడ్చాడు. దోస్తు పోయిన నాడు ఏడవాల్సిన ఏడుపు అది. అమ్మ టిఫిను డబ్బా కింద పెట్టి ఆయన వీపు నిమిరింది. నేను కిందికి చూస్తూ నిలబడ్డాను. నాకూ కన్నీళ్లు ఆగలేదు, ఆపుకోవాలనీ అనిపించలేదు.

పైకి వెళ్లి నేల తుడిచి, గోనెసంచులు తీసేసి, అమ్మ డాక్టరు చెప్పినట్టే వంట చేసింది. ఉప్పు లేని పప్పు, ఉప్పు లేని బీరకాయ కూర, తొక్కు లేని కంచం. బాపు కాళ్లు చేతులు కడుక్కొచ్చి కూర్చున్నాడు. ఒక ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నమిలాడు. ఇంకోసారి నమిలాడు.

"ఇది తిండేనానే?" అని ఒక్క అరుపు అరిచాడు. కింద మామ తలుపు తెరుచుకున్న చప్పుడైంది. పక్క బిల్డింగు కిటికీలో ఎవరో తొంగి చూశారు.

అరవకూడదన్నారు కదా అని గుర్తు చేద్దామని నేను లేచాను. అమ్మ చేయి పట్టుకుని నన్ను వంటింట్లోకి లాగేసింది. గోడవైపు తిరిగి కొంగు నోట్లో కుక్కుకుంది. నవ్వుతోందో ఏడుస్తోందో నాకు తెలియలేదు.

"ఉంటడు బిడ్డా," అంది. "ఈ మనిషి ఉంటడు."